విజయనగరం నుంచి ఫిర్యాదు (విజయవాడ కాదు, దయచేసి గమనించండి)

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: గత నెల రెండో శనివారం సాయంత్రం మీ చైనీస్ రెస్టారెంటు విజయనగరం బ్రాంచిలో మా కుటుంబానికి జరిగిన మర్యాద, ఆ తర్వాత ఇరవై ఆరు రోజులుగా జరుగుతూనే ఉన్న మర్యాద గురించి.

అయ్యా,

ఈ ఉత్తరం మీ బల్ల మీదికి వస్తుందన్న నమ్మకం నాకు పెద్దగా లేదు. ఇప్పటికి మీ వాళ్లకి పదకొండు ఫోన్లు చేశాను, నాలుగు మెయిళ్లు పంపాను, రెండుసార్లు స్వయంగా వెళ్లాను. గోడకి చెప్పుకున్నా ఈపాటికి కాస్త సున్నమైనా రాలేది. అందుకే స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. తీసుకున్నట్టు ఎవరో ఒకరు సంతకం పెట్టాలి కదా. మీ సంస్థ నుంచి నాకు దక్కే మొదటి జవాబు ఆ సంతకమే అవుతుంది.

ముందు ఆ సాయంత్రం సంగతి. మా అమ్మానాన్నల పెళ్లయి యాభై ఏళ్లు నిండాయి. నాన్న నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. పెళ్లయిన రెండేళ్లకి మిల్లు పని మీద కలకత్తా వెళ్లినప్పుడు టాంగ్రాలో ఎవరో స్నేహితుడు ఆయనకి నూడుల్స్ తినిపించాడట. ఆ పేటంతా చైనావాళ్ల తోళ్ల ఫ్యాక్టరీలే. ఆ వాసన మధ్యలో ముక్కు మూసుకుని తిన్నా, ఆ రుచి మాత్రం మర్చిపోలేదంటారు. "హక్కా అంటే వంటకం పేరు కాదురా, ఆ మనుషుల పేరు" అని నా కొడుక్కి ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. ఇంటికి తిరిగొచ్చి అమ్మకి మాటిచ్చారట, ఎప్పటికైనా నీకూ తినిపిస్తానని. మిల్లు జీతాలు, మధ్యలో లాకౌట్లు, మా చదువులు. ఆ మాట అలాగే ఉండిపోయింది. యాభయ్యో పెళ్లిరోజుకి ఎక్కడికెళ్దాం నాన్నా అంటే ఆయన నోట వచ్చింది మీ హోటల్ పేరే.

ఏడుగురికి ఏడున్నరకి టేబుల్ చెప్పి, వెయ్యి రూపాయలు అడ్వాన్స్ కట్టాను. ఏడూ ఇరవైకే వెళ్లాం. అమ్మ బీరువా అడుగు నుంచి పట్టుచీర తీసింది, కలరా ఉండల వాసన ఇంకా వదల్లేదు. నాన్న చెప్పులకి పాలిష్ పట్టించుకున్నారు. చేపల తొట్టి పక్కన స్టీలు బెంచీ మీద మమ్మల్ని కూర్చోబెట్టి "ఫైవ్ మినిట్స్ సార్" అన్నారు మీ మేనేజరు. ఆ గొంతు గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఆ ఐదు నిమిషాలూ ఎనిమిదిం పావుకి అయ్యాయి. ఈలోగా మా వెనక వచ్చిన రెండు కుటుంబాలు లోపలికెళ్లాయి. వాళ్లెవరో మీ మేనేజరుకి బాగా తెలిసినవాళ్లు లాగున్నారు, భుజాలు తట్టుకున్నారు. నాన్న ఏమీ అనలేదు. మంచూరియా చైనాది కాదని, 1975 ప్రాంతంలో కలకత్తాలో పుట్టిన చైనా సంతతి వంటాయన నెల్సన్ వాంగ్ బొంబాయిలో కనిపెట్టాడని చెబుతారని మా అబ్బాయి ఫోన్లో చూసి చదివితే, "అంటే మన సరుకేనన్నమాట" అని నవ్వారు. చివరికి చేతులు కడుక్కునే చోట, నలుగురు పట్టే బల్లకి మూడు ప్లాస్టిక్ కుర్చీలు చేర్చి ఏడుగురినీ సర్దారు.

ఇక్కడో విషయం చెప్పాలి. టేబుల్ ఏడున్నరకే కదా అని నాన్న ఏడుంబావుకే షుగర్ మాత్ర వేసుకున్నారు. ఎనిమిదీ నలభైకి ఆయన చెయ్యి వణకడం మా ఆవిడ చూసింది. నుదురంతా చెమట. ఆ ఏసీలో. నేను లేచెళ్లి ఒక చెంచా పంచదార ఇమ్మని అడిగాను. "పంచదార కిచెన్‌లో ఉంటాది సార్, ఆర్డర్ ఎక్కించాలి" అన్నాడు కుర్రాడు. వాడిని తప్పుపట్టను, ఎవరో అలా నేర్పి ఉంటారు. మేనేజరు కౌంటర్ దగ్గరే ఉన్నారు. పిలిచాను. చూశారు. చూసి, బిల్లు మిషన్ వైపు తిరిగారు. పక్క టేబుల్లో ఆరేడేళ్ల పాప ఇదంతా చూస్తోంది. తన గౌను జేబులోంచి సగం కరిగిపోయిన చాక్లెట్ తీసి నాన్న చేతిలో పెట్టింది. మీ రెస్టారెంట్లో ఆ రాత్రి మాకు టైముకి అందింది అదొక్కటే.

అప్పుడు వచ్చాయి సూపులు. ఏడుగురికి రెండు. ఎలా ఉన్నాయో రాయను, నా ఫిర్యాదు సూపు గురించి కాదు. నాన్న నెమ్మదించాక లేచి వచ్చేశాం. పోతుంటే బిల్లు ఇచ్చారు. సూపులకి 280, సర్వీస్ చార్జీ 28, జీఎస్టీతో కలిపి 323 రూపాయల 40 పైసలు. మరి నా వెయ్యి? "రెండు వేలు దాటిన బిల్లుకే అడ్వాన్స్ సర్దుతాం సార్, రూల్." అంటే తినకుండా వచ్చేసినందుకు వెయ్యి, కూర్చున్నందుకు మూడు వందల ఇరవై మూడు. "పోనీలేరా, పండగ పూట గొడవెందుకు" అని అమ్మ నా మోచెయ్యి లాగింది. కట్టేసి వచ్చాను. గంటస్తంభం దగ్గర బండి మీద ఇడ్లీ తిన్నాం. పక్క బండి మీద నూడుల్స్ ఉన్నాయి, తెమ్మంటారా అని అడిగితే నాన్న "ఇవాళ్టికి వద్దులే" అన్నారు.

ఇంతవరకూ అయితే నేను ఈ ఉత్తరం రాసేవాణ్ణే కాదు. శనివారం రద్దీ, వంటవాళ్లు రాలేదేమో అని సర్దుకునేవాణ్ణి. అసలు కథ ఆదివారం నుంచి మొదలైంది.

ఉదయం పదకొండుకి బ్రాంచికి ఫోన్ చేశాను. "మేనేజర్ గారు ఇంకా రాలేదండి." రెండుకి చేస్తే "కిచెన్‌లో ఉన్నారండి." నాలుగుకి చేస్తే "ఇప్పుడే బయటికెళ్లారండి." సోమవారం మధ్యాహ్నం ఒక గొంతు ఎత్తి "మేనేజర్ లీవులో ఉన్నారండీ" అంది. సార్, ఆ గొంతు నాకు తెలుసు. చేపల తొట్టి పక్కన యాభై ఐదు నిమిషాలు "ఫైవ్ మినిట్స్" అన్న గొంతు అది. "మీరే కదండీ మేనేజరు?" అన్నాను. అవతల కాసేపు గిన్నెల చప్పుడు. తర్వాత లైను కట్టయింది. తాను లేనని తానే చెప్పే మనిషిని ఎక్కడ పట్టుకోవాలో మీకు తెలిస్తే చెప్పండి.

సరే, పెద్దల దగ్గరికే పోదామని మీ కస్టమర్ కేర్‌కి చేశాను. హిందీకి ఒకటి, ఇంగ్లీషుకి రెండు, తెలుగుకి ఆరు. ఆరు నొక్కితే హిందీలో మాట్లాడారు. పద్దెనిమిది నిమిషాలు వేణువు విన్నాక ఒకమ్మాయి వచ్చి, నేను చెప్పిందంతా మధ్యలో ఆపకుండా వింది. నిజంగా సంతోషించాను. అంతా విని "ఏ బ్రాంచి సార్?" అంది.

"విజయనగరం."

"విజయనగర్, బెంగళూరా సార్?"

"కాదమ్మా, ఆంధ్రా. విజయనగరం. గంటస్తంభం, పైడితల్లి అమ్మవారు, సిరిమాను."

"ఓకే సార్, విజయవాడ."

అక్కడికీ అక్షరం అక్షరం విడగొట్టి చెప్పాను. "నోట్ చేసుకున్నాను సార్, నలభై ఎనిమిది గంటల్లో కాల్ వస్తుంది, మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము" అంది. ఆ చివరి మాట మాత్రం తెలుగే, అదీ కాగితం మీద చూసి చదివిన తెలుగు.

కాల్ వచ్చింది సార్. నిజంగానే వచ్చింది, ముప్పై గంటల్లోనే. విజయవాడ బ్రాంచి మేనేజరు! పాపం, శనివారం బుకింగ్ పుస్తకమంతా తిరగేశారట, మా పేరు ఎక్కడా లేదట. జరిగిందేమిటో ఆయనకి మొదటి నుంచీ చెప్పాను. ఆయన కాసేపు ఆగి, "మీ నాన్నగారికి ఇప్పుడెలా ఉందండీ?" అన్నారు. తర్వాత "మా కంపెనీ తరఫున క్షమించండి మాస్టారూ, మా ఊరొస్తే దగ్గరుండి చూసుకుంటాను" అన్నారు. సుమారు నాలుగు వందల కిలోమీటర్ల దూరంలో ఉండి, ఈ వ్యవహారంతో ఏ సంబంధమూ లేని మనిషి. మీ సంస్థ మొత్తం మీద క్షమాపణ చెప్పింది ఆయనొక్కడే.

మర్నాడు మెసేజ్. "మీ ఫిర్యాదు సంతృప్తికరంగా పరిష్కరించబడినది. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?" ఎవరి సంతృప్తి అని అడుగుతూ మెయిల్ రాశాను. "ప్రియమైన విలువైన కస్టమర్" అని జవాబొచ్చింది, ఇది కంప్యూటర్ పంపినది, దీనికి తిరిగి రాయకండి అని. రాయొద్దంటే మానేశానా, ఇంకో మూడు రాశాను. నాలుగింటికీ అదే జవాబు, అదే పూలగుత్తి బొమ్మ.

ఇక బ్రాంచికే వెళ్లాను. మొదటిసారి మేనేజరు లేరు (నిజంగానే లేరు, వంటింటి తలుపు దాకా వెళ్లి చూశాను). రెండోసారి కౌంటర్ మీద కుర్రాడు ఫిర్యాదుల పుస్తకం ముందుకి తోశాడు. పుస్తకానికి దారంతో కట్టిన పెన్ను ఉంది, పెన్నులో రీఫిల్ లేదు. నా పెన్ను తీసి రాయబోయేముందు పాత పేజీలు తిప్పాను. ఒకాయన ఫ్యాను తిరగట్లేదని రాశారు, ఆ కింద ఇంకొకాయన "ఇప్పటికీ తిరగట్లేదు" అని. ఒకావిడ గొడుగు పోయిందని రాస్తే ఎవరో పిల్లలు దాని పక్కన గొడుగు బొమ్మ గీశారు. మీ వాళ్లు రాసిన అక్షరం ఒక్కటి లేదు, కనీసం "చూశాము" అని కూడా.

ఇదంతా ఇంట్లో చెబితే నాన్న ఒక మాటన్నారు. "మిల్లు లాకౌట్ పెట్టినప్పుడు కూడా గేటుకి ఒక కాగితం అంటించేవారురా. తిట్టుకోడానికైనా చదువుకునేవాళ్లం."

మీరు మా ఊళ్లో తలుపులు తీయకముందు, ఏసీలో కూర్చుని చైనీస్ తినాలంటే అరవై కిలోమీటర్లు విశాఖపట్నం పోయేవాళ్లం. మీరు తెరిచిన వారంలోనే మా ఆఫీసంతటినీ తీసుకొచ్చింది నేను. మా అమ్మాయి పుట్టినరోజులు మూడు మీ దగ్గరే. కరోనా తర్వాత మీ వాళ్లు ఈగలు తోలుకుంటున్న రోజుల్లో, పాపం నిలదొక్కుకోవాలని వారం వారం పార్సిల్ తెచ్చుకున్నాం. ఇదంతా దెప్పడానికి కాదు. కాదు, దెప్పడానికే.

చట్టం సంగతి కూడా తెలుసుకునే రాస్తున్నాను. బిల్లులో అడక్కుండా సర్వీస్ చార్జీ కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దాన్ని సమర్థించింది. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయగలను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనున్న ఊళ్లోనే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, ఐదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు. మా బావమరిది లాయరు. ఎక్కువగా భూముల కేసులే చూస్తాడనుకోండి, అయినా ఇరవై ఎనిమిది రూపాయల మీద కూడా ఆయన రెండేళ్లు వాదించగలడు. దసరా తర్వాత సిరిమాను పండక్కి మా ఇంటికి నలభై మంది చుట్టాలు దిగుతారు. ఏటా వాళ్లలో సగం మందిని మీ దగ్గరికి తోలుకొచ్చేవాణ్ణి. ఈసారి ఈ ఉత్తరం జిరాక్సులు తీసి నలభై మందికీ పంచుతాను.

నాకు డబ్బు ముఖ్యం కాదు. అయినా నా వెయ్యీ, ఆ 323 రూపాయల 40 పైసలూ ఇవ్వండి. ఆ నలభై పైసలు కూడా. అంతకన్నా ముందు, ఆ మేనేజరు గారు మా నాన్నకి ఫోన్ చేయాలి. సాయంత్రం ఆరు నుంచి ఏడు మధ్య, ఏడు దాటితే ఆయన వార్తలు చూస్తారు. ఏం చెప్పాలో తెలియకపోతే విజయవాడ మేనేజరుని అడిగి తెలుసుకోమనండి. పది రోజులు చూస్తాను. ఆ తర్వాత ఏం చేస్తానో ఇక్కడ రాయను.

ఇట్లు,
మీ విజయనగరం బ్రాంచి ఒకప్పటి కస్టమర్

తా.క. ఈ ఉత్తరం కవర్లో పెడుతుంటే మీ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "మిమ్మల్ని మిస్సవుతున్నాం! కుటుంబంతో రండి, 20 శాతం తగ్గింపు పొందండి. విజయవాడ బ్రాంచిలో మాత్రమే."