స్టీరియో పాడవలేదు, పెన్‌డ్రైవ్ సంగతి చూడండి

సంపాదకుడు గారికి,

పండక్కి ఊరెళ్తూ 64 జీబీ పెన్‌డ్రైవ్ నిండా పాత పాటలు ఎక్కించి కారులో పెడితే స్టీరియో 'నో ఫైల్' అని చూపించి ఊరుకుంది. ఖమ్మం నుంచి సూర్యాపేట దాకా పాట లేదు, ఇంట్లోవాళ్ల సణుగుడే. షాపులో చూపిస్తే సెట్టు పోయింది, కొత్తది వేయించుకోమన్నారు. నేనూ దాదాపు ఒప్పేసుకున్నా.

తీరా చూస్తే ఆ డ్రైవ్ ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో (డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే తీరు) ఫార్మాట్ అయి ఉంది, పాత స్టీరియోలు చాలావాటికి ఫ్యాట్32 అనే పాత పద్ధతి తప్ప ఇంకోటి అర్థం కాదు. మార్చుదామంటే నా కంప్యూటర్‌లోని మామూలు ఫార్మాట్ విండోలో 32 జీబీ దాటిన డ్రైవ్‌కి ఆ ఆప్షనే రాలేదు. మూలన పడున్న 16 జీబీది తీసి, ఫ్యాట్32 చేసి (ఉన్నవన్నీ చెరిగిపోతాయి, ముందే కాపీ పెట్టుకోండి), ఎంపీ3లు మాత్రమే ఎక్కిస్తే టక్కున పాడింది. ఫ్లాక్ ఫైళ్లను (అవీ పాటల ఫైళ్లలో ఒక రకమే) మాత్రం ఇప్పటికీ దాటేసి పోతోంది. ఇంకో చిక్కు, కొన్ని సెట్లు పేర్ల వరసను పట్టించుకోవు, మనం కాపీ చేసిన వరసలోనే పాడతాయి. అన్నట్టు, కొన్ని కార్లలో ఒక యూఎస్‌బీ పోర్టు చార్జింగ్‌కే, అందులో పెట్టి స్టీరియోని తిట్టకండి.

ఇదంతా మాన్యువల్లో ఉంది, చీమల్లాంటి ఇంగ్లిషు అక్షరాల్లో. ఆ ఒక్క పేజీ తెలుగులో వేస్తే కంపెనీలకు ఏం పోయింది? ఫోన్ల గురించి వారం వారం రాస్తారుగా, ఓసారి దీని గురించీ రాయండి.

- ఒక పాఠకుడు, ఖమ్మం