పిల్లి జబ్బుకు మా అపార్ట్‌మెంట్‌లో నోటీసు

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీ పత్రికలో వచ్చిన 'పిల్లుల వైరస్‌తో ఊపిరితిత్తుల క్యాన్సర్' వార్త గురించి ఈ ఉత్తరం. ఆలస్యానికి ఏమీ అనుకోకండి. ఆ వార్త మా అపార్ట్‌మెంట్‌లో పెట్టిన చిచ్చుతోనే ఇన్నాళ్లూ సరిపోయింది.

క్యాన్సర్ ఎవరికి? పిల్లికి. ఆ ముక్క శీర్షికలో లేదు, ఆఖరి పేరాలో ఉంది. అంతదాకా చదివే ఓపిక మా నల్లకుంటలో ఎవరికుందండీ? శీర్షికను ఫొటో తీసి గ్రూపులో పెట్టారు. సాయంత్రానికల్లా లిఫ్ట్ పక్కన నోటీసు: పిల్లులకు అన్నం పెడితే ఐదు వందలు జరిమానా. మర్నాడు పార్కింగ్‌లో ఉండే పిల్లిని వాచ్‌మన్ చేత గోనెసంచిలో వేయించి మూసీ అవతల వదిలేయించారు. దాని పిల్లలు రెండూ జనరేటర్ కింద నక్కి తెల్లవార్లూ అరిచాయి. ఇంకా మెతుకు కొరకడం రాని కూనలు. ఇంకు ఫిల్లర్‌తో పాలు పట్టాను. నా పేరున జరిమానా రాసుకున్నారట, రాసుకోనివ్వండి.

ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం చెప్పినదాన్ని కాబట్టి ఊరుకోలేకపోతున్నాను. పిల్లుల్లో క్యాన్సర్ తెచ్చే లుకేమియా వైరస్‌ను 1964లోనే గ్లాస్గోలో కనిపెట్టారు. ఒకదాన్నొకటి నాకినా, ఒకే గిన్నెలో తిన్నా లాలాజలంతో అంటుకుంటుంది. వయసులో ఉన్న పిల్లికి ఛాతీలో గడ్డ లేచి, నీరు చేరి, నోరు తెరిచి రొప్పుతుంది. ఇన్నేళ్లలో అది మనిషికి అంటిన దాఖలా లేదు. ఇక వైరస్‌తో ఊపిరితిత్తుల్లోనే క్యాన్సర్ అంటారా, అది గొర్రెల్లో ఉంది. క్లోనింగ్‌తో పుట్టిన డాలీకి 2003లో ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీసింది ఆ జబ్బుతోనే. అదీ మనిషికి రాదు లెండి. ఆ సంగతి మీరు అచ్చేయకండి, ఆదివారం మటన్ కొట్టు ముందు కూడా నోటీసు వేలాడుతుంది.

అసలు రాయాల్సింది ఇంకోటుంది. సిగరెట్లు తాగే ఇళ్లలోని పిల్లులకు లింఫ్ క్యాన్సర్ ముప్పు రెండింతలకు పైనే అని 2002లో అమెరికా పరిశోధకులు తేల్చారు. పొగ బొచ్చు మీద పేరుకుంటుంది, పిల్లి నాక్కుంటుంది. మా నోటీసు మీద సంతకం పెట్టిన సెక్రటరీ గారు రోజూ సరిగ్గా ఆ నోటీసు కిందే నిలబడి దమ్ము లాగుతారు. ఆయన బూడిద రాల్చేది పిల్లి నీళ్లు తాగే చిప్పలో.

బహిరంగ స్థలాల్లో పొగ తాగొద్దని 2008 అక్టోబరు 2 నుంచీ ఉంది, జరిమానా 200 రూపాయల దాకా. బస్టాపులో ఒక్కరికైనా వేయగా నేను చూడలేదు. హెల్మెట్ లేకపోతే మాత్రం ఫొటోతో సహా చలాన్ వచ్చేస్తుంది. పిల్లి కోసం ఓ ప్రభుత్వ పశువుల దవాఖానకు ఫోన్ చేస్తే, "పిల్లులు మా లెక్కలో రావమ్మా, కుక్కల వాళ్లకు చెయ్యండి" అన్నారు. కుక్కల వాళ్లు "కరిచిందా?" అని అడిగి, లేదనగానే పెట్టేశారు. వీళ్లా మనకు వైరస్‌ల గురించి చెప్పేది?

సవరణ వేసే ఉద్దేశం ఉంటే అదే పేజీలో, అంతే లావు అక్షరాలతో వేయండి. ఫొటో తీసి గ్రూపులో పెట్టాలి.

ఒక పాఠకురాలు,
నల్లకుంట, హైదరాబాద్