గత సంవత్సర కార్యక్రమాల నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే జరిగాయి. వంటలు చేసి తెచ్చిన ఆడపడుచులకు, సౌండ్ చూసుకున్న కుర్రాళ్ళకు, కుర్చీలు సర్దిన పెద్దలకు పేరు పేరునా ధన్యవాదాలు. తెలుగు బడి ఒక్క ఆదివారం కూడా మూతపడలేదు, టీచర్లకు చేతులెత్తి దండం.

ఈసారి గర్వంగా చెప్పుకోవాల్సింది స్కాట్లండ్ కొండల్లోని కిన్‌టేల్‌కు బడి పిల్లల యాత్ర. గ్లాస్గో నుంచి మినీబస్సుల్లో నాలుగు గంటలు దాటింది. ముగ్గురికి వాంతులు. అయినా రాటగన్ కనుమ మీద దిగేసరికి అందరూ గప్‌చుప్. కింద లాక్ డూయిక్ అనే పొడవాటి నీటి పాయ, దాని అంచున వరసగా ఐదు శిఖరాలు: ఫైవ్ సిస్టర్స్.

‘ఇవి ఐదు విడి కొండలు కావర్రా, పడుకున్న ఎద్దు వెన్నులా ఒకటే’ అని చెప్పాను. అన్నిటికంటే ఎత్తు స్గూర్ ఊరన్, 1067 మీటర్లు. కొండ పాదం సముద్రమట్టం దగ్గరే కాబట్టి ఎత్తంతా కళ్ళ ముందే ఉంటుంది. ఇక్కడివాళ్ళు 3000 అడుగులు దాటితే మన్రో అంటారు కదా, ఈ ఐదింటిలో మూడింటికే ఆ హోదా.

అక్కడి కథలో అసలు ఏడుగురు అక్కచెల్లెళ్ళు. చిన్నవాళ్ళిద్దరినీ ఐర్లండ్ రాకుమారులు పెళ్ళాడి, మా అన్నదమ్ములు ఐదుగురినీ పంపిస్తామని మాటిచ్చి వెళ్ళారు. ఎవరూ రాలేదు. ఎదురుచూసి చూసి మిగతా ఐదుగురూ కొండలైపోయారు. ఈ కథ చెబుతుంటే నాకు మన వాలంటీర్ల జాబితా గుర్తొచ్చింది. పదకొండు మంది పేర్లిచ్చారు. పొద్దున ఆరింటికి బస్సు దగ్గర ఉన్నది ముగ్గురం.

ఒడ్డుకు దిగాక ‘ఇది చెరువే కదా అంకుల్, చుట్టూ కొండలున్నాయి’ అని ఒక పాప వాదన. వేలు ముంచి నాకమన్నాను. మొహం చిట్లించి ‘ఉప్పు!’ అంది. పూర్వం మంచునది తొలిచిన లోయలోకి సముద్రం వచ్చి కూర్చుందమ్మా అన్నాను. పులిహోర తినేలోపు ఆటుకు నీళ్ళు వెనక్కిపోయి, నాచు పట్టిన రాళ్ళు బయటపడ్డాయి. పిల్లలు ఇక బస్సెక్కితే ఒట్టు.

గ్రాంటు కోసం ఒక ఆఫీసుకు నాలుగుసార్లు రాశాం, జవాబు లేదు. జమాఖర్చులు కోశాధికారి చదువుతారు. యాత్రకు తక్కువపడింది కమిటీవాళ్ళం వేసుకున్నాం.

రెండు రెయిన్‌కోట్లు, ఒక స్టీలు గిన్నె మూత మా ఇంట్లోనే ఉన్నాయి. ఎవరివో వచ్చి తీసుకెళ్ళండి.

ఇట్లు,
కార్యదర్శి