టీడీ టీకా: ఒక తల్లి అడిగిన ప్రశ్న

తల్లిదండ్రులకు నమస్కారం.

వచ్చే వారం ఐదు, పది తరగతుల పిల్లలకు మన బడిలోనే టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా రాకుండా వేసే) టీకా వేస్తారు. ఇళ్ళకు పంపిన సమ్మతి పత్రాల్లో కొన్ని సంతకం లేకుండానే తిరిగొచ్చాయి. ఒకదాని వెనక ఒక తల్లి ఇలా రాశారు: "ఎక్కడో లక్షల్లో ఒకరికే ప్రమాదమంటారు. ఆ ఒక్కడూ మావాడే అయితే?" అడగవలసిన ప్రశ్నే. "ఏం కాదులేమ్మా" అని దాటేయడం నాకిష్టం లేదు.

చెయ్యి నొప్పి, కాస్త వాపు, ఒకటి రెండు రోజులు ఒళ్ళు వెచ్చబడటం మామూలే. ఎదిగిన పిల్లల్లో కొందరికి సూది భయంతోనే కళ్ళు తిరుగుతాయి. ఒకరు పడితే పక్కవాళ్ళకూ అదే వరస. (మీసాలొచ్చిన పదో తరగతి వీరులే ముందుంటారని మా టీచర్లంటారు.) నిజంగా భయపడవలసింది తీవ్రమైన అలర్జీకి. దద్దుర్లు, ఊపిరాడకపోవడం, బీపీ పడిపోవడం దాని గుర్తులు. టీకాలతో ఇది సుమారు పది లక్షల డోసులకు ఒకటి రెండుసార్లు వస్తుంది. వస్తే చాలావరకు అరగంటలోపే వస్తుంది, వెంటనే అడ్రినలిన్ సూది ఇస్తే లొంగుతుంది. పిల్లల్ని అరగంట కూర్చోబెట్టేది అందుకే. ఆ మందు నర్సమ్మ దగ్గర ఉందని నా కళ్ళతో చూశాకే మొదటి పిల్లవాణ్ణి పంపుతాను.

ఇక రెండో వైపు. 2024లో ఒడిశాలోని మన రాయగడ జిల్లాలోనే, కాశీపూర్ బ్లాకులో, డిఫ్తీరియా అనుమానంతో పిల్లలు చనిపోయిన వార్తలు మీరూ విన్నారు. పెద్దవాళ్ళు కంఠసర్పి అనేది దీన్నే. గొంతులో బూడిదరంగు పొర కట్టి ఊపిరికి అడ్డుపడుతుంది, దాని విషం గుండెకూ నరాలకూ పాకుతుంది. వైద్యం అందినా పదిమందిలో ఒకరు దక్కరు. చిన్నప్పటి డోసుల బలం ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గుతుంది కాబట్టే పదేళ్ళకు, పదహారేళ్ళకు మళ్ళీ వేస్తారు. మనం టీటీ అని పిలిచే సూదికే డిఫ్తీరియా టీకా కలిపి టీడీ చేశారు.

"ఊళ్ళో అందరూ వేయించుకుంటున్నారు కదా, మావాడొక్కడు మానితే ఏం?" అని ఒక నాన్నగారన్నారు. డిఫ్తీరియా మట్టుకు ఆ మాటలో కొంత నిజముంది, చుట్టూ అందరికీ రక్షణ ఉంటే రోగం మనదాకా రావడం కష్టం. కానీ ఆ మాట నలుగురు అనుకున్న వాడలోనే అది దూరుతుంది. ధనుర్వాతానికైతే ఆ లెక్క అసలే చెల్లదు. అది మనిషి నుంచి మనిషికి రాదు, మట్టిలోనే ఉంటుంది. పొలంలో ముల్లు గుచ్చుకున్న పిల్లవాడికి పొరుగువాడి టీకా అక్కరకు రాదు.

మన ఊరికి ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్ళే ఆనవాయితీ వల్ల చాలామంది పిల్లల మొదటి టీకాలు ఆంధ్రలోని పార్వతీపురంలోనో బొబ్బిలిలోనో పడ్డాయి, తర్వాతవి ఇక్కడ. కార్డు అమ్మమ్మగారి పెట్టెలో ఉండిపోతుంది, ఏ డోసు తప్పిందో ఇక్కడి ఆశా దీదీకి తెలియదు. ఫోన్ చేసి ఆ కార్డు ఫోటో తెప్పించండి.

గతంలో ఏ టీకాకైనా తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటే, ఆ రోజు గట్టి జ్వరముంటే, తప్పకుండా ముందే చెప్పండి. టిఫిన్ తినిపించి పంపండి, ఖాళీ కడుపుతో వద్దు. సంతకం చేయాలో వద్దో తేలనివాళ్ళు శనివారం బడి విడిచాక రండి, నర్సమ్మ కూడా ఉంటారు. పత్రాలు సోమవారంలోగా క్లాసు టీచరుకు చేరాలి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు