పన్నెండు రెండర్ నోడ్లకు ఒకే కంప్యూటర్ అకౌంట్: జాయినింగ్ పనిపై ఫిర్యాదు

హైదరాబాద్

సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: లినక్స్ మెషీన్లను యాక్టివ్ డైరెక్టరీకి కలిపిన పనిలో లోపాలు, పోయిన ఐడీ మ్యాపింగ్ రికార్డులు.

అయ్యా,

మా 12 రెండర్ నోడ్లను (షాట్ల బొమ్మలను లెక్కగట్టి తయారుచేసే కంప్యూటర్లు), 20 ఆర్టిస్ట్ వర్క్‌స్టేషన్లను యాక్టివ్ డైరెక్టరీకి (యూజర్ల, కంప్యూటర్ల అకౌంట్లన్నీ ఒకే చోట ఉంచే వ్యవస్థ) కలిపే పనిని మీ సంస్థ ఒప్పుకుని చేసింది. లాగిన్లు ఆగిపోతున్నాయని ఆ తర్వాత నాలుగుసార్లు టికెట్ పెట్టాం. నాలుగింటినీ "నెట్‌వర్క్ సమస్య" అని రాసి మూసేశారు. నెట్‌వర్క్‌లో లోపం లేదు. డొమైన్ కంట్రోలర్లు (డైరెక్టరీని నడిపే సర్వర్లు) ఎక్కడున్నాయో చెప్పే ఎస్‌ఆర్‌వీ రికార్డులు ప్రతి మెషీన్ నుంచీ సరిగ్గా వస్తున్నాయి. లాగిన్లను ధ్రువీకరించే కెర్బరోస్ మామూలుగా గడియారాల్లో 5 నిమిషాల తేడా దాకా ఒప్పుకుంటుంది, మా గడియారాల మధ్య ఒక్క సెకను కూడా తేడా లేదు. తప్పు మీరు జాయిన్ చేసిన తీరులో ఉంది.

మా నోడ్ల పేర్లు హైడ్-రెండర్-నోడ్-01 నుంచి 12 వరకు. ఇంగ్లీషులో రాస్తే గీతలతో కలిపి 18 అక్షరాలు. డైరెక్టరీలో కంప్యూటర్ అకౌంట్ పేరుకు నెట్‌బయోస్ (పాత విండోస్ పేర్ల పద్ధతి) హద్దు 15 అక్షరాలు. మెషీన్‌ను డైరెక్టరీకి కలిపే రియల్మ్ జాయిన్ కమాండ్ కొట్టినప్పుడు వెనకాల పనిచేసే యాడ్‌సీఎల్‌ఐ అనే టూల్ 15 దాటిన అక్షరాలను కత్తిరించేస్తుంది. మా పేర్లలో సరిగ్గా 15 దగ్గర "నోడ్" అన్న మాట ముగుస్తుంది, తెగిపోయేది చివరి గీత, నంబరు. అంటే 12 మెషీన్లూ ఒకే పేరుతో వెళ్లి చేరాయి. అదే పేరుతో అకౌంట్ ముందే ఉంటే యాడ్‌సీఎల్‌ఐ దాన్నే తీసుకుని పాస్‌వర్డ్ మార్చేస్తుంది. రెండో నోడ్ జాయినవగానే మొదటి నోడ్ కీట్యాబ్ (ఆ అకౌంట్ పాస్‌వర్డ్ నుంచి వచ్చిన కీ దాచే ఫైలు) చెల్లకుండా పోయింది, మూడోది రాగానే రెండోదీ అంతే. ఇవాళ డైరెక్టరీలోని కంప్యూటర్స్ కంటైనర్ తెరిస్తే 12 నోడ్లకూ కలిపి ఒక్కటే అకౌంట్ కనిపిస్తుంది.

అప్పగించిన రోజు పరీక్షలన్నీ ఎందుకు పాసయ్యాయో కూడా దీంతోనే తెలుస్తుంది. ఒక్కో నోడ్‌ను జాయిన్ చేసిన వెంటనే అక్కడే లాగిన్ అయి చూశారు. ఆ నిమిషానికి అది పనిచేసింది. పన్నెండోది అయ్యాక మళ్లీ మొదటి దాని దగ్గరికి వెళ్లి చూడలేదు. కీ చెల్లని నోడ్ వెంటనే మూగబోదు, దాని మీద లాగిన్లు చూసే ఎస్‌ఎస్‌ఎస్‌డీ సర్వీసు ఆఫ్‌లైన్‌లోకి జారుకుని, అక్కడ ఇదివరకు లాగిన్ అయినవాళ్లను క్యాష్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌తో లోపలికి పంపుతూనే ఉంటుంది. కొత్తవాళ్లు, ఈ మధ్య పాస్‌వర్డ్ మార్చుకున్నవాళ్లు మాత్రం బయటే ఉండిపోతారు. "కొందరికి వస్తోంది, కొందరికి రావట్లేదు" అని మొదటి టికెట్‌లోనే రాశాం. నోడ్ 03 మీద, జాయిన్ ఇంకా చెల్లుతోందో లేదో చూసే యాడ్‌సీఎల్‌ఐ టెస్ట్‌జాయిన్ ఒక్కసారి నడిపినా విషయం బయటపడేది. కీట్యాబ్‌లోని కీ వెర్షన్ నంబరును డైరెక్టరీలో ఉన్న దానితో పోల్చినా సరిపోయేది. మీ ఇంజనీర్లు ప్రతిసారీ ఫిర్యాదు వచ్చిన నోడ్‌ను తీసేసి మళ్లీ జాయిన్ చేశారు. ఆ నోడ్ బాగుపడింది, అప్పటిదాకా పనిచేస్తున్న నోడ్ చెడింది.

ఇదంతా దిద్దుకోగలిగిన తప్పే. వర్క్‌స్టేషన్ల మీద జరిగింది అలాంటిది కాదు.

నోడ్లకు ఎస్‌ఎస్‌ఎస్‌డీ పెట్టి, వర్క్‌స్టేషన్లకు మాత్రం అదే పని చేసే విన్‌బైండ్‌ను, యూజర్ నంబర్లను లోకల్ ఫైలులో రాసుకునే టీడీబీ బ్యాకెండ్‌తో పెట్టారు. ఎస్‌ఎస్‌ఎస్‌డీ యూజర్ నంబరును ఎస్‌ఐడీ (డైరెక్టరీ ప్రతి అకౌంట్‌కు ఇచ్చే గుర్తింపు) నుంచి లెక్కగట్టి తీస్తుంది. అదే సెట్టింగులున్న ఏ మెషీన్‌లోనైనా ఒక మనిషికి 1283401104 వంటి ఒకే నంబరు వస్తుంది. టీడీబీ అలా కాదు. ముందు వచ్చినవాళ్లకు ముందు నంబరు ఇచ్చి ఆ మెషీన్‌లోనే రాసుకుంటుంది. ఒక వర్క్‌స్టేషన్‌లో 10003 ఒకరు, పక్క దాంట్లో అదే 10003 ఇంకొకరు. మా ప్రాజెక్టు ఫైళ్లు ఎన్‌ఎఫ్‌ఎస్ షేర్‌లో (నెట్‌వర్క్ మీద అందరూ వాడే ఫోల్డర్) ఉంటాయి. మామూలు సిస్ సెక్యూరిటీలో అక్కడికి వెళ్లేది పేరు కాదు, ఆ నంబరే. ఒకరి షాట్ ఫైలు మరొకరి పేరు మీద కనిపించడానికి కారణం ఇదే.

దీన్ని సరిచేయబోయి మీ ఇంజనీరు "క్యాష్ శుభ్రం చేస్తున్నాను" అంటూ ఆరు వర్క్‌స్టేషన్లలో విన్‌బైండ్ టీడీబీ ఫైళ్లన్నీ తుడిచేశారు. వాటిలో విన్‌బైండ్-క్యాష్ ఒక్కటే క్యాష్. విన్‌బైండ్-ఐడీమ్యాప్ అన్నది ఏ నంబరు ఎవరిదో చెప్పే ఏకైక రికార్డు. నెట్ ఐడీమ్యాప్ డంప్‌తో కాపీ తీసుకోవడానికి నిమిషం కూడా పట్టదు, అదీ చేయలేదు. మర్నాడు లాగిన్ అయిన వరుసలో నంబర్లు కొత్తగా పంచబడ్డాయి. షేర్‌లో ఆ ఆరు మెషీన్లు రాసిన పాత ఫైళ్లు ఎవరివో ఇప్పుడు నంబరు చూసి చెప్పడానికి వీల్లేదు. మేం ఈ లేఖ రాయడానికి ముఖ్య కారణం ఇదే.

ఇక ఎవరు లోపలికి రావచ్చన్న నియమం నోడ్ల మీద అసలు పెట్టనే లేదు. జాయిన్ అయ్యాక వదిలేస్తే డొమైన్‌లో అకౌంట్ ఉన్న ప్రతివాళ్లూ ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి లాగిన్) రాగలరు.

మీరు చేయాల్సింది ఇది. ముందుగా కత్తిరించిన పేరుతో ఉన్న అకౌంట్‌ను తొలగించండి. దాని మీద ఎస్‌పీఎన్లు (ఆ అకౌంట్‌కు కట్టిన సర్వీసు పేర్లు) మిగిలిపోతే కొత్త జాయిన్‌కు అడ్డం పడతాయి. తర్వాత ప్రతి నోడ్‌లో పాత కీట్యాబ్ తీసేసి, కంప్యూటర్-నేమ్ ఆప్షన్‌తో 15 అక్షరాల్లోపు వేరు వేరు పేర్లు ఇచ్చి జాయిన్ చేయండి. పన్నెండూ పూర్తయ్యాకే 01 నుంచి మొదలుపెట్టి అన్నింటి మీదా టెస్ట్‌జాయిన్ నడిపి మాకు చూపించండి. ఎస్‌ఎస్‌ఎస్‌డీలో ఎవరు లోపలికి రావచ్చో తేల్చే యాక్సెస్ ప్రొవైడర్‌ను ఏడీగానే (యాక్టివ్ డైరెక్టరీ) ఉంచి, రెండర్ గ్రూపుకు మాత్రమే దారి ఇచ్చే ఫిల్టర్ పెట్టండి.

వర్క్‌స్టేషన్లను కూడా ఎస్‌ఎస్‌ఎస్‌డీకి మార్చండి. విన్‌బైండ్‌లోనే రిడ్ బ్యాకెండ్ (ఎస్‌ఐడీ చివరి అంకెల నుంచి నంబరు తీసేది) పెట్టి సర్దేస్తామంటే ఒప్పుకోం. దాంతో వర్క్‌స్టేషన్ల నంబర్లు తమలో తాము కలుస్తాయి గానీ, మామూలుగా పెడితే నోడ్ల నంబర్లతో కలవవు. మార్చే ముందు మిగిలిన 14 మెషీన్ల ఐడీమ్యాప్ డంపులు మా చేతికి ఇవ్వండి. వాటి లోకల్ డిస్కుల్లో ఫైళ్ల యజమానిని మార్చేటప్పుడు చౌన్ కమాండ్‌కు హెచ్ ఆప్షన్ ఇవ్వండి, లేకుంటే సింబాలిక్ లింకు బదులు అది చూపించే ఫైలు మారుతుంది. ఏసీఎల్‌లలో (ఫైళ్లకు అదనంగా పెట్టే అనుమతుల జాబితాలు) ఉండిపోయిన పాత నంబర్లను చౌన్ ముట్టుకోదు, వాటిని విడిగా మార్చాలి. షేర్ మీద మాత్రం నంబరును పట్టుకుని మూకుమ్మడిగా చౌన్ కొట్టవద్దు. ఆ ఫైళ్లను ఫోల్డర్ల వారీగా, ప్రాజెక్టు లీడ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఎవరివో తేల్చాలి. అందుకు మీ మనిషిని మా ఆఫీసుకు పంపండి, రోజులకు విడిగా చార్జీ వేయకండి.

ఈ లేఖ అందిన 7 రోజుల్లో పని మొదలుపెట్టే తేదీని రాతపూర్వకంగా తెలపండి. పైన చెప్పినవన్నీ మా సమక్షంలో పరీక్షించేదాకా చివరి బిల్లు చెల్లించం. మూసేసిన నాలుగు టికెట్లను తెరిచి, కారణం దగ్గర ఉన్న "నెట్‌వర్క్ సమస్య" అన్న మాటను సరిదిద్దండి.

ఇట్లు,
సిస్టమ్స్ విభాగం