ప్రాణాయామం చేసే చోట పొగ

సంపాదకుడికి,

అయ్యా,

‘మనసు నిలవాలే గానీ చోటుతో పనేముంది?’ అని మా పార్కుకు వచ్చే ఓ పెద్దాయన ఎప్పుడూ అంటుంటారు. ఆయన రోజూ చాప పరిచేది ప్రహరీ పక్కనే. గోడ అవతల చెత్తకుప్ప. పొద్దున ఐదున్నరకల్లా దానికి నిప్పు పెడతారు. మేం కపాలభాతి మొదలుపెట్టేసరికి కాలిన ప్లాస్టిక్ కంపు గోడ దాటి వస్తుంది. మొన్న మంగళవారం ఆ పెద్దాయనే తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, చాప చుట్టుకుని వెళ్లిపోయారు.

యోగానికి కూర్చునే చోటు చదునుగా, శుభ్రంగా ఉండాలనీ, గులకరాళ్లు, నిప్పు, ఇసుక లేకుండా, కంటికి బాధ కలగకుండా ఉండాలనీ శ్వేతాశ్వతర ఉపనిషత్తు చెప్పింది. మా పార్కును చూసే రాశారా అనిపిస్తుంది! ఏకాగ్రత ఎక్కడ కుదిరితే అక్కడే అని బ్రహ్మసూత్రాల్లో ఉంది కదా అంటారేమో. నిజమే. కళ్లు మూసుకుని ధ్యానం చేసుకునేవారికి ఆ మాట సరిపోతుంది. ప్రాణాయామం అలా కాదు, గాలిని ఊపిరితిత్తుల నిండా పీల్చాలి. మామూలుగా నడిచి వెళ్లేవాడి కంటే మేమే ఆ పొగ ఎక్కువ మింగుతున్నాం. అంతకంటే ఇంట్లో పడుకోవడమే ఆరోగ్యం.

నిప్పు పెట్టే కార్మికురాలిని అడిగాను. ‘ట్రాక్టర్ నాలుగు రోజులకోసారి వస్తుందమ్మా, కుప్ప కనబడితే మేస్త్రి నన్నే తిడతాడు’ అంది. ఆమెను తప్పు పట్టలేం. బయట చెత్త తగలబెడితే 5 వేలు, పెద్ద ఎత్తున అయితే 25 వేలు జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే చెప్పింది. మరి తగలబెట్టక తప్పని పరిస్థితి తెచ్చినవాళ్ల నుంచి ఆ జరిమానా ఎవరు వసూలు చేయాలి?

2015 నుంచి ఏటా జూన్ 21న యోగా దినోత్సవం జరుపుకుంటున్నాం. మొన్నటి వేడుకకు ముందురోజు మా పార్కు చుట్టూ ముగ్గు చల్లారు, బ్యానర్లు కట్టారు. గోడ అవతలి కుప్ప ఒక్క పూటలో మాయమైంది. అంటే ట్రాక్టర్ ఉంది, మనుషులూ ఉన్నారు. వేడుక అయిన మూడో రోజుకు బ్యానర్ గాలికి చిరిగి వేలాడుతోంది, దాని వెనక నుంచి మళ్లీ పొగ.

మాకు కొత్త చాపలు, టీషర్టులు అక్కర్లేదు. ఆ ట్రాక్టర్‌ను రోజు విడిచి రోజు, పొద్దున ఐదు గంటలకల్లా పంపమని మున్సిపల్ అధికారులకు మీ పత్రిక ద్వారా మనవి చేస్తున్నాను.

– ఓ రిటైర్డ్ టీచరు