బోరోసిలికేట్ పేరుతో అమ్మిన బీకర్ల మీద ఫిర్యాదు

అనంతపురం

కస్టమర్ సేవల మేనేజర్ గారికి,

విషయం: బోరోసిలికేట్ (వేడిని తట్టుకునే ల్యాబ్ గాజు) అని బిల్లు వేసి పంపిన 250 మి.లీ. బీకర్లు వేడికి పగిలిపోవడం, సరుకు మార్పిడి, నష్టపరిహారం గురించి.

ఆర్యా,

మా డిగ్రీ కళాశాల కెమిస్ట్రీ ల్యాబ్ తరఫున రాస్తున్నాను. బిల్లు నకలు, ఫొటోలు జతచేశాను.

మీరు పంపిన బీకర్లలో ఒకటి ప్రాక్టికల్స్ జరుగుతుండగానే అడుగు ఊడిపోయింది. అందులో నీళ్లు మరిగిస్తూ టెస్ట్ ట్యూబులు నిలబెట్టాం. ముక్కలుముక్కలుగా పగల్లేదు. గోడ, అడుగు కలిసే చోట చుట్టూ కోసినట్టుగా అడుగు బిళ్లలా విడిపోయి తీగవల మీదే ఉండిపోయింది. మరుగుతున్న నీళ్లు బల్ల మీదుగా వచ్చి పక్కనున్న అమ్మాయి చీలమండ మీద పడ్డాయి. షూ వేసుకుంది కాబట్టి పాదం దక్కింది. 20 నిమిషాల పాటు కుళాయి నీటి కింద ఉంచి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. బొబ్బలు తగ్గాయి గానీ, ఆ నీళ్ల బదులు గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉండి ఉంటే ఈ లేఖ ఇంత నిదానంగా రాసేదాన్ని కాదు. ఆ తర్వాత అదే పెట్టెలోని మరికొన్ని బీకర్లు కూడా అచ్చం అదే చోట చిట్లాయి.

ఫోన్ చేస్తే మీ సర్వీసు విభాగం ఆయన సగం విని, "హ్యాండ్లింగ్ ప్రాబ్లమ్ మేడమ్, వేడి బీకరు తీసి తడి బండ మీద పెట్టి ఉంటారు" అని తేల్చేశారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. ఆ బీకరును స్టాండు మీద నుంచి అసలు దింపనే లేదు.

హ్యాండ్లింగ్ మాట మీరే ఎత్తారు కాబట్టి మా ల్యాబ్ పద్ధతి కూడా వినండి. ప్రతి బీకరునూ వాడే ముందు వెలుతురుకు పట్టి తిప్పి చూస్తాం. అంచు పెచ్చు లేచినా, అడుగున నక్షత్రంలాంటి సన్న పగులు కనిపించినా పక్కన పెట్టేస్తాం. బయట తడి తుడిచాకే మంట మీదికి ఎక్కిస్తాం, మంట సన్నగా మొదలుపెడతాం. వేడి గాజు చూపుకు చల్లటి గాజులాగే ఉంటుందని, పటకారు లేకుండా ముట్టుకోవద్దని పిల్లలకు మొదటి క్లాసులోనే చెబుతాం. రబ్బరు కార్కులోకి గాజు గొట్టం ఎక్కించేటప్పుడు గ్లిజరిన్ రాసి, చేతికి మందపాటి గుడ్డ చుట్టుకుని, కార్కుకు దగ్గరగా పట్టుకుని తిప్పుతూ ఎక్కించాలి. దూరంగా పట్టుకుని బలంగా నొక్కితే గొట్టం విరిగి అరచేతిలో దిగుతుంది. ల్యాబుల్లో చేతులు తెగేది ఎక్కువగా ఇలాగే. పగిలిన గాజును చేత్తో ఏరనివ్వం, చీపురు, చేటతో ఎత్తి దానికంటూ ఉంచిన డబ్బాలో వేస్తాం. మా పాత బీకర్లు ఈ చేతుల్లోనే ఏళ్లుగా నలుగుతున్నాయి. వాటి మీద అంకెలు చెరిగిపోయాయి తప్ప అడుగులు ఊడలేదు.

అనుమానం వచ్చి మీ బీకరు అంచును పక్కనుంచి చూస్తే కిటికీ అద్దం అంచులా ఆకుపచ్చగా కనిపించింది. తర్వాత ఒక పెద్ద గాజు గిన్నెలో గానుగ వేరుశనగ నూనె పోసి (ఈ జిల్లాలో దానికి కొరత లేదు) పాత బీకరు ముక్కను ముంచాం. కనిపించకుండా పోయింది. మీ బీకరు ముక్క ముంచితే గీతలు, అంచులు అన్నీ స్పష్టంగా కనిపిస్తూనే ఉన్నాయి. నూనె వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) సుమారు 1.47, బోరోసిలికేట్‌దీ దాదాపు అంతే. నూనెలోంచి గాజులోకి వెళ్లేటప్పుడు కాంతి వంగదు కాబట్టి గాజు కంటికి ఆనదు. కిటికీ అద్దాలకు వాడే మామూలు సోడా లైమ్ గాజుది 1.52 దగ్గర ఉంటుంది, అందుకే అది నూనెలోనూ కనిపిస్తుంది. ప్రిన్సిపాల్ గారి ఎదుటే ఇది చేసి, ముక్కలను కవర్లో పెట్టి సీలు వేశాం. పిల్లలైతే సిలబస్ కంటే దీన్నే ఎక్కువ ఇష్టంగా చూశారు, అది వేరే సంగతి.

మీ బీకర్ల మీద తెల్ల అక్షరాలతో "3.3" అని ముద్రించి ఉంది. ఆ అంకె ఊరికే వచ్చింది కాదు. ఒక డిగ్రీ వేడి పెరిగితే ఆ గాజు పొడవు పది లక్షల్లో 3.3 వంతులే పెరుగుతుందని అర్థం. అందులో సుమారు 80 శాతం సిలికా, 13 శాతం దాకా బోరాన్ ఆక్సైడ్ ఉంటాయి. సోడా లైమ్ గాజు అదే వేడికి సుమారు 9 వంతులు పెరుగుతుంది. కింది వైపు వేడెక్కి సాగుతుంటే పై వైపు ఇంకా సాగకపోతే మధ్యలో గాజు చిట్లుతుంది. మందం ఎక్కువైతే ఈ తేడా ఇంకా పెరుగుతుంది. మీ బీకర్ల అడుగు దిట్టంగా ఉందని మా అటెండరు మొదట్లో మెచ్చుకున్నాడు, పాపం.

సోడా లైమ్ గాజు పనికిరాదని నేను అనడం లేదు. రీజెంట్ సీసాలకు, కొలజాడీలకు అది చాలు. దాన్ని దాని పేరుతోనే అమ్మితే వేడి పనులకు వాడకుండా మేమే జాగ్రత్తపడేవాళ్లం. చేతిలో ఉన్నది ఏ గాజో తప్పు చెప్పి, పైగా కేటలాగులో మంట మీద వాడవచ్చని రాసి, పగిలాక హ్యాండ్లింగ్ సరిగా లేదంటే ఎలా?

ప్యాకింగు గురించి కూడా ఒక మాట. పెట్టెలో అరలు లేవు, గడ్డీ కాగితాలూ కుక్కి పంపారు. బీకర్లతో పాటు వచ్చిన బ్యూరెట్ల (ద్రవాన్ని కొలిచి వదిలే సన్నని గాజు గొట్టాల) మొనలు కొన్ని విరిగి వచ్చాయి, ఆ ముక్కలు గడ్డిలో కలిసి ఉన్నాయి. లెదర్ గ్లౌజులు వేసుకుని విప్పాం కాబట్టి సరిపోయింది.

మొత్తం బీకర్ల లాటును మీ ఖర్చుతో వెనక్కి తీసుకుని అసలైన బోరోసిలికేట్ 3.3 సరుకు, ఈ గాజుకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 3585 ప్రకారం ఉన్నట్టు బ్యాచ్ సర్టిఫికెట్‌తో సహా పంపాలి. విద్యార్థిని వైద్య ఖర్చులు చెల్లించాలి. ఇదే బ్యాచ్ కొన్న ఇతర కాలేజీలకు వెంటనే సమాచారం ఇచ్చి, ఇచ్చినట్టు మాకు రాతపూర్వకంగా తెలపాలి. మా డబ్బు కంటే ఈ చివరిదే నాకు ముఖ్యం. లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళతాం. అందులో లోపమున్న వస్తువుకు తయారీదారునూ అమ్మకందారునూ బాధ్యులను చేసే అధ్యాయం ఉంది.

ప్రాక్టికల్ పరీక్షలు దగ్గర పడుతున్నాయి. మీ మనిషిని పంపేటట్లయితే ముందురోజు ఫోన్ చేయించండి, ల్యాబ్ తెరిచి ఉంచుతాం. అరలున్న అట్టపెట్టెలు మాత్రం ఆయన్నే తెచ్చుకోమనండి.

ఇట్లు,
ల్యాబ్ ఇన్‌చార్జి, కెమిస్ట్రీ విభాగం